చినుకు దెబ్బలు లెక్కపెట్టే వాన సెన్సార్: ఒక వానాకాలం వాడాక

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడు ఇస్తున్నాను. ఆ మూడు కూడా వాన మొదలైందని టక్కున చెప్పినందుకు, ఎంత పడిందో చెప్పినందుకైతే ఒకటే వచ్చేది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే గోల చాలావరకు ఆ కంపెనీది కాదు, చినుకులది. కస్టమర్ కేర్ వాళ్ల మీద మాత్రం కాస్త కోపం ఉంది, అది కూడా వస్తుంది.

వస్తువు ఏంటంటే, అరచేతిలో పట్టేంత గుండ్రటి ప్లాస్టిక్ మూత, పైన కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని కింద ఒక పీజో బిళ్ల. దెబ్బ తగిలితే చిన్న కరెంటు పుట్టించే బిళ్ల అన్నమాట, గ్యాస్ లైటర్ నొక్కితే టిక్కుమని నిప్పురవ్వ వచ్చేది ఇలాంటి దానితోనే. చినుకు వచ్చి మూత మీద పడుతుంది, బిళ్ల అదురుతుంది, ఎంత అదిరిందో చూసి లోపలి చిప్ 'ఇది ఇంత సైజు చినుకు, దీంట్లో ఇంత నీరు' అని లెక్కకట్టి కలుపుకుంటూ పోతుంది. ఆ మొత్తాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి ఫోన్‌కి పంపిస్తుంది. అంటే ఇది నీటిని పట్టుకోదు, కొలవదు, అసలు చూడను కూడా చూడదు. తలుపు కొట్టిన చప్పుడు విని బయట ఉన్న మనిషి బరువెంతో చెప్పడం లాంటి పని. కొన్నప్పుడు నాకు ఇది ఇంత స్పష్టంగా తెలియదు, డబ్బా మీద 'ప్రతి చినుకూ లెక్కలోకి' అని రాసి ఉంటే ముచ్చటపడి కొన్నాను.

ఇంతకుముందు నా దగ్గర ఉన్నది రెండు బుల్లి గిన్నెల రకం. గరాటులో పడిన నీరు ఒక గిన్నెలోకి దిగుతుంది, అది నిండగానే ఒరిగి ఖాళీ అవుతుంది, అప్పుడు రెండోది నీటి కిందికి వస్తుంది. తూగుడుబల్ల లాగా అటూ ఇటూ. ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెడితే వాన ఎంతో తెలిసిపోతుంది. క్రిస్టఫర్ రెన్ 1662 ప్రాంతంలో ఆలోచించిన ఏర్పాటు ఇది, నేటికీ వాతావరణ కేంద్రాల్లో నడుస్తోంది. దాంతో నా సమస్య లెక్క కాదు, సాలెపురుగు. గరాటు గొంతులో గూడు కడుతుంది, దాంట్లో ఒక ఆకు చిక్కుకుంటుంది, ఆ పైన పిట్ట రెట్ట. బయట కుండపోతగా కురుస్తుంటే ఫోన్‌లో సున్నా. మూడోసారి నిచ్చెన ఎక్కి కడిగిన రోజునే కదిలే భాగాలు లేని ఈ కొత్తది ఆర్డర్ పెట్టేశాను.

ఆ విషయంలో మాట నిలబెట్టుకుంది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా కడగలేదు. దుమ్ము పడితే వానే కడిగేసుకుంటుంది. ఎండతో ఛార్జ్ అయ్యే చిన్న బ్యాటరీ ఉంది, మబ్బు పట్టిన పది రోజులు కూడా ఆగకుండా నడిచింది. బిగించడం ఇరవై నిమిషాల పని.

కానీ బిగించిన మొదటి రాత్రే గాలి వీచింది. వాన లేదు, పొద్దున్న నేల పొడిగా ఉంది, యాప్‌లో మాత్రం 1.4 మిల్లీమీటర్ల వాన! సన్నటి పైపు మీద బిగించాను, గాలికి పైపు వణికితే ఆ వణుకుని చినుకులనుకుంది పాపం. లావు స్తంభానికి మార్చాక ఆ దెయ్యం వాన చాలావరకు పోయింది. కాబట్టి కొనేవాళ్లకి మొదటి సలహా, దీన్ని కదలని దేనికైనా బిగించండి, రేకు అంచుకి మాత్రం వద్దు.

అసలు కథ ఆ తర్వాత. సరిచూసుకోవడానికి పక్కనే గీతలున్న మామూలు గాజు గొట్టం వానమాపకం పెట్టాను. దాంట్లో ఎలక్ట్రానిక్స్ లేవు, బ్యాటరీ లేదు, పడిన నీరు పడినంత ఎత్తులో నిలబడుతుంది. మొదటి ఉరుముల వానకి గొట్టంలో 18 మిల్లీమీటర్లు, సెన్సార్‌లో 25. సరే, కొంచెం ఎక్కువ చూపిస్తోంది అనుకున్నాను. యాప్‌లో సవరణ సంఖ్య అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని 0.7 చేస్తే చాలు అన్నారు కస్టమర్ కేర్‌లో. చేశాను. తర్వాత వారం ముసురు పట్టింది. రెండు రోజులు సన్నగా, ఆగకుండా, గొడుగు వేసుకోవాలా వద్దా అనిపించేటంత తుంపర. గొట్టంలో 9, సెన్సార్‌లో 2. సవరణ తీసేసినా 3కి దగ్గరే. పెద్దవానకి తగ్గించాలి, ముసురుకి మూడింతలు పెంచాలి, మరి సెట్టింగ్ ఒక్కటే. ఏ వాన పడబోతోందో చూసి ముందే సంఖ్య మార్చాలన్నమాట!

మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి వాళ్లు చెప్పింది ఏంటంటే, మందు వేసే డ్రాపర్‌తో వంద చుక్కలు మూత మీద వేసి యాప్ ఎంత చూపిస్తుందో చూసి దాన్ని బట్టి సవరించుకోమని. నేను బుద్ధిగా జానెడున్నర ఎత్తు నుంచి వంద చుక్కలు వేశాను, చెయ్యి నొప్పి పుట్టింది. డ్రాపర్ చుక్కలు ఇరవైకి ఒక మిల్లీలీటరు, అంటే మొత్తం 5 మిల్లీలీటర్లు. మూత వెడల్పు 10 సెంటీమీటర్లు, దాని మీద పరిస్తే 0.6 మిల్లీమీటర్ల వాన అవ్వాలి. చూపించింది 0.2. వాళ్లేమో 'అయితే మూడుతో గుణించండి' అన్నారు. మూడుతో గుణిస్తే ఆ ఉరుముల వాన 75 మిల్లీమీటర్లు అవుతుంది!

ఇక్కడ నాకు పంతం వచ్చింది, కూర్చుని చదివాను, లెక్కలు వేశాను. చినుకు సైజు అనే ఒక్క విషయం అర్థం చేసుకుంటే ఈ సెన్సార్ వేషాలన్నీ అర్థమైపోతాయి, అందుకే ఈ రివ్యూ ఇంత పొడుగవుతోంది, ఓపిక లేనివాళ్లు చివరికి వెళ్లిపోండి.

మనం వాన చినుకు అని ఒకే మాట అంటాం గానీ సైజుల్లో తేడా మామూలుగా ఉండదు. తుంపర బొట్టు అడ్డంగా అర మిల్లీమీటరు లోపే. మామూలు వానలో ఎక్కువగా ఒకటి రెండు మిల్లీమీటర్లవి. ఉరుముల వానలో నాలుగైదు మిల్లీమీటర్లవి కూడా ఉంటాయి, నెత్తి మీద పడితే ఎవరో మొట్టినట్టు ఉండేవి. అర మిల్లీమీటరుకీ ఐదుకీ మధ్య తేడా పది రెట్లే కదా అనిపిస్తుంది. అడ్డం పది రెట్లయితే నీరు వెయ్యి రెట్లు. ఒక మిల్లీమీటరు చినుకు అర మిల్లీగ్రాము తూగుతుంది, ఐదు మిల్లీమీటర్లది 65 మిల్లీగ్రాములు. దీనికితోడు పెద్ద చినుకు వేగంగా పడుతుంది. అర మిల్లీమీటరుది సెకనుకి 2 మీటర్లు, ఒక మిల్లీమీటరుది 4, ఐదు మిల్లీమీటర్లది దాదాపు 9 మీటర్లు. గాలి అడ్డుపడటం వల్ల ఒక్కో సైజుకి ఒక్కో వేగం దగ్గర ఆగిపోతుంది, అంతకుమించి ఎంత ఎత్తు నుంచి పడినా పెరగదు. బరువూ వేగమూ కలిపితేనే కదా దెబ్బ, అలా చూస్తే ఐదు మిల్లీమీటర్ల చినుకు దెబ్బ అర మిల్లీమీటరు దానికంటే నాలుగు వేల రెట్లకు పైనే.

ఇప్పుడు ఆ బుల్లి పీజో బిళ్ల కష్టం చూడండి. నా మూత మీద సరిగ్గా ఒక మిల్లీమీటరు వాన పడాలంటే ఐదు మిల్లీమీటర్ల చినుకులైతే 120 చాలు. ఒక మిల్లీమీటరువైతే 15 వేలు కావాలి. అర మిల్లీమీటరువైతే లక్షా ఇరవై వేలు! మూడు సందర్భాల్లోనూ గొట్టంలో నీరు ఒకటే ఎత్తు. సెన్సార్‌కి మాత్రం మొదటిది ఎవరో సుత్తితో కొడుతున్నట్టు, చివరిది ఎవరో పౌడరు చల్లుతున్నట్టు. పౌడరు చప్పుడు గాలి చప్పుడు కంటే చిన్నది, అందుకని ఒక హద్దు పెట్టి దాని కిందవన్నీ వదిలేస్తుంది. ముసురులో నా 6 మిల్లీమీటర్లు అలా పోయాయి. యాప్‌లో ఆ హద్దు తగ్గించుకునే సెట్టింగ్ కూడా ఉంది, తగ్గించి చూశాను, గాలి వీచిన ప్రతిసారీ దెయ్యం వాన తిరిగొచ్చింది.

డ్రాపర్ పరీక్ష ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే ఉంది. డ్రాపర్ చుక్క దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లది. అది నిజం వానలో సెకనుకి తొమ్మిది మీటర్ల వేగంతో వస్తుంది. నేను జానెడున్నర మీద నుంచి వదిలితే రెండున్నర మీటర్ల వేగం కూడా రాదు. ఆ నెమ్మది దెబ్బ చూసి సెన్సార్ 'ఓహో ఇది మూడు మిల్లీమీటర్ల చినుకు' అనుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల చినుకు బరువు 14 మిల్లీగ్రాములు, నేను వేసింది 50. అందుకే మూడో వంతు కూడా చూపించలేదు. సెన్సార్ తన పని తాను సరిగ్గానే చేసింది, పరీక్షే తప్పు. ఇంట్లో కూర్చుని డ్రాపర్‌తో నిజం వాన వేగం తెప్పించాలంటే చాలా అంతస్తుల పైనుంచి గురి చూసి వదలాలి, ఆ సంగతి కస్టమర్ కేర్‌లో ఎవరికీ తట్టలేదు.

సరే, మా దగ్గర పడే వానలో నిజంగా ఏ సైజు చినుకులున్నాయో చూద్దామని పిండి ప్రయోగం చేశాను. ఇది నా తెలివి కాదు. మంచు రేణువుల ఫొటోలతో పేరు తెచ్చుకున్న విల్సన్ బెంట్లీ అనే అమెరికా రైతు, వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికో అనే ఊళ్లో ఉండేవాడు, 1904లోనే ఈ పద్ధతి రాసి పెట్టాడు. పళ్లెంలో సన్నటి పిండి ఒక అంగుళం మందాన పోసి కొన్ని సెకన్లు వానలో పెట్టాలి. ఒక్కో చినుకు పిండిలో పడి ఒక్కో ఉండ అవుతుంది. ఆరాక జల్లించి ఉండల్ని కొలుచుకోవాలి. తెలిసిన సైజు బొట్లు వేసి, ఉండ సైజూ చినుకు సైజూ దాదాపు సరిపోతాయని కూడా ఆయన చూసుకున్నాడు. ఖర్చు లేని పరికరం, పల్లెటూరి మనిషి బుర్ర, నాకైతే ఈ డబ్బా కంటే ఆ పళ్లెమే గొప్పగా అనిపించింది. 1943లో లాస్, పార్సన్స్ అనే ఇద్దరు ఇదే పిండి పద్ధతితో చినుకు సైజుకీ వాన తీవ్రతకీ ఉన్న సంబంధం మీద పెద్ద పరిశీలనే చేశారు.

నేను చేసింది ఇలా. మైదా రెండుసార్లు జల్లించి పళ్లెంలో పోసి, పైన ఒక మూత పెట్టుకుని వానలోకి వెళ్లి, మూత తీసి నాలుగు లెక్కపెట్టి మళ్లీ మూసేశాను. ఒక ఉరుముల వానకి మూడుసార్లు, మొదలైన నిమిషానికి ఒకటి, మధ్యలో ఒకటి, తగ్గేటప్పుడు ఒకటి. మొదటి పళ్లెం చూడగానే నవ్వొచ్చింది. పిండి మీద ఏడెనిమిది గుంటలే, కానీ ఒక్కోటీ బటానీ గింజ పట్టేంత. గుంట చుట్టూ పిండి అంచు లేచి ఉంది, చంద్రుడి మీద గుంటల్లాగా. ఆరాక జల్లిస్తే నాలుగైదు మిల్లీమీటర్ల ఉండలు, ఒకటి మాత్రం చదునుగా బిళ్లలాగా వచ్చింది. రెండో పళ్లెంలో అన్ని సైజులూ కలగాపులగం, కొన్ని ఉండలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, లెక్క వదిలేశాను. మూడో దాంట్లో అన్నీ ఆవగింజంతవి, వాటికంటే చిన్నవి, జల్లెడలోంచి సగం కిందికి జారిపోయాయి. ఒకే వాన, ముప్పావుగంట తేడాలో!

సెన్సార్ యాప్‌లో అదే ముప్పావుగంట గ్రాఫ్ తీసి చూస్తే మొదటి ఐదు నిమిషాలు ఆకాశానికెక్కి ఉంది, చివరి పదిహేను నిమిషాలు నేలకంటి ఉంది. గొట్టం పక్కన నిలబడి చూసిన నాకు అంత తేడా కనపడలేదు.

మొదట పెద్ద చినుకులే ఎందుకు పడతాయన్నది చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంటాం గానీ ఎప్పుడూ లెక్క వేసుకోం. మేఘం రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉందనుకోండి, అన్ని సైజులూ ఒకేసారి బయల్దేరాయనుకోండి. ఐదు మిల్లీమీటర్లది నాలుగు నిమిషాల లోపే కిందికి వచ్చేస్తుంది. ఒక మిల్లీమీటరుదానికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. అర మిల్లీమీటరుదానికి పావుగంట పైనే పడుతుంది, అదీ దారిలో ఆవిరైపోకుండా మిగిలితే. వాన ముందు కింది గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బుల్లి చినుకులు చాలావరకు దారిలోనే ఆరిపోతాయి. పెద్దవి కొంచెం చిక్కినా దిగొస్తాయి.

మరి ఆ పెద్దవి అంత పెద్దవి ఎలా అవుతాయి? మేఘంలో ఉండే బొట్టు మిల్లీమీటరులో యాభయ్యో వంతు, ఇంకా చిన్నది కూడా. రెండు మిల్లీమీటర్ల చినుకు ఒకటి తయారవ్వాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి. కొంచెం పెద్ద బొట్టు కొంచెం వేగంగా పడుతూ దారిలో చిన్నవాటిని గుద్దుకుని కలుపుకుంటూ పోతుంది, పెద్దదయ్యేకొద్దీ ఇంకా వేగం, ఇంకా గుద్దుళ్లు. ఎత్తైన మేఘాల్లో ఇంకో దారి ఉంది, పైన చలిలో మంచు రేణువులు పెరిగి, వడగళ్లలా గట్టిపడి, కిందికి వచ్చేటప్పుడు కరిగి చినుకులవుతాయి. ఉరుముల వానలో ఆ లావు చినుకులు చాలావరకు కరిగిన మంచు ముద్దలే. పైకి ఎగదన్నే గాలి బలంగా ఉంటే బొట్టు మేఘంలో ఎక్కువసేపు తిరిగి ఎక్కువ పెరుగుతుంది. ముసురు మేఘం పల్చగా ఉంటుంది, ఎగదన్నే గాలి ఉండదు, పెరిగే తీరిక లేకుండానే జారిపోతాయి.

పెరగడానికి ఒక హద్దు కూడా ఉంది. దాని గురించి చెప్పాలంటే ఆకారం దగ్గరికి రావాలి. బొమ్మల్లో, యాప్‌ల గుర్తుల్లో, ఈ సెన్సార్ డబ్బా మీద కూడా, చినుకంటే పైన తోక, కింద గుండు. అలాంటి చినుకు ఆకాశంలో ఎక్కడా లేదు. కొళాయికి వేలాడే బొట్టు తెగే క్షణంలో అలా ఉంటుంది, అంతే. ఒక మిల్లీమీటరు లోపు చినుకు గోళీలాగా గుండ్రంగా ఉంటుంది, నీటి పైపొర బిగుతు దాన్ని అలా లాగి ఉంచుతుంది. రెండు మిల్లీమీటర్లు దాటితే కింద నుంచి తగిలే గాలి ఆ బిగుతుని ఓడించడం మొదలెడుతుంది, అడుగు చదునవుతుంది, పైన మాత్రం బోర్లించిన గిన్నెలా ఉబ్బుగానే ఉంటుంది. ఐదు మిల్లీమీటర్ల దగ్గర ఎత్తు వెడల్పులో దాదాపు 70 శాతమే. ఇంకా పెరిగితే అడుగు లోపలికి సొట్టపోయి, మధ్యలో గాలి నిండిన సంచిలా, పారాచూట్‌లా ఉబ్బి, చివరికి పటుక్కున పగిలి చిన్న చినుకులైపోతుంది. 1904లోనే ఫిలిప్ లెనార్డ్ కింద నుంచి గాలి ఊది చినుకుల్ని గాలిలో నిలబెట్టి వాటి ఆకారం చూశాడు, ఐదున్నర మిల్లీమీటర్లు దాటినవి నిలవకపోవడం గమనించాడు. ఆయనకి మరుసటి ఏడాది నోబెల్ వచ్చింది, వేరే పనికి.

అయినా అప్పుడప్పుడు హద్దు దాటిన ఘనులున్నాయి. బ్రెజిల్‌లో అడవులు తగలబడుతున్న పొగ మీద ఏర్పడ్డ మేఘాల్లోనూ, మార్షల్ దీవుల దగ్గర శుభ్రమైన సముద్రపు గాలిలోనూ విమానంలో లేజర్ పరికరంతో వెళ్లిన హాబ్స్, రాంగ్నో అనే శాస్త్రవేత్తలు కనీసం 8.8 మిల్లీమీటర్ల చినుకుల్ని పట్టుకున్నట్టు 2004లో ప్రకటించారు. అది గనక నా మూత మీద పడి ఉంటే యాప్ తుఫాను హెచ్చరిక పంపేదేమో.

పగలడం అనేది ఎక్కువగా దేనివల్ల అన్న దానిమీద శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. చినుకులు ఒకదాన్నొకటి గుద్దుకుని పగులుతాయని ఎప్పటి నుంచో అంటున్నది. విల్లెర్మో, బొస్సా అనే ఇద్దరు 2009లో, గుద్దుకోవడం అక్కర్లేదు, ఒంటరి చినుకు తనంతట తాను సంచిలా ఉబ్బి పగిలినా నేల మీద కనిపించే సైజుల తీరు వచ్చేస్తుందని వేగంగా తీసే కెమెరాతో చూపించారు. సైజుల తీరు అంటే, చిన్నవి బోలెడు, పెద్దవయ్యేకొద్దీ చకచకా తగ్గిపోవడం. దీన్ని 1948లోనే మార్షల్, పామర్ ఒక సూత్రంగా రాశారు, వాన తీవ్రత తెలిస్తే ఏ సైజువి ఎన్ని ఉంటాయో సగటున చెప్పేస్తుంది. బాగా పనికొచ్చే సూత్రమే, కానీ సగటు సగటే. నా మొదటి పళ్లెంలో ఉన్నవన్నీ లావువి, బుల్లివి ఒక్కటీ లేవు, ఆ నిమిషంలో సూత్రం ఎక్కడుంది?

నా సెన్సార్ మాన్యువల్‌లో ఒక మూల 'మధ్యరకం వానకి సరిచేయబడినది' అని సన్న అక్షరాల్లో ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 'ప్రతి చినుకూ' పక్కన ఇది కూడా రాసి ఉంటే ఇంత చదివే పని తప్పేది. మధ్యరకం వానకి నిజంగానే బాగుంది, గొట్టంలో 12 ఉంటే ఇది 11.6, 13 ఉంటే 13.5. అటు ముసురులో, ఇటు ఉరుముల్లోనే తప్పుతోంది. ఉరుముల వానలో ఎక్కువ చూపించడానికి ఇంకో కారణం కిందికి దూసుకొచ్చే గాలి. చినుకు తన మామూలు వేగానికి గాలి వేగం కూడా కలుపుకుని కొడుతుంది, సెన్సార్ దాన్ని ఇంకా పెద్ద చినుకనుకుంటుంది. మధ్యలో నాలుగు వడగళ్లు పడ్డాయా, ఇక చెప్పక్కర్లేదు.

ఇది చవక వస్తువు కాబట్టి ఇలా అని కూడా అనలేను. చినుకు దెబ్బని బట్టి సైజు చెప్పే పరికరాన్ని జాస్, వాల్డ్‌ఫోగెల్ 1967లో తయారుచేశారు, పరిశోధనల్లో దశాబ్దాలుగా వాడుతున్నారు. దానికీ ఇదే జబ్బు ఉంది, పెద్ద చినుకు కొట్టిన అదురు తగ్గేలోపు వచ్చిన బుల్లివి దానికి వినపడవు. రాడార్‌కి ఇంకా కష్టం. దానికి చినుకు నుంచి తిరిగొచ్చే సంకేతం సైజుకి ఆరో ఘాతంలో పెరుగుతుంది, అంటే నాలుగు మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, ఒక మిల్లీమీటరువి నాలుగు వేలకు పైగా కలిసినంత మెరుస్తుంది. కొత్త రాడార్లు అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ తరంగాలు పంపి, చినుకులు ఎంత చదునుగా ఉన్నాయో చూసి సైజు పట్టేస్తున్నాయి. ఆ సొట్టే వాళ్లకి ఆధారమైంది!

చెట్టు సంగతి మర్చిపోయాను. స్తంభం మార్చినప్పుడు ఒక కొమ్మ మూతకి దగ్గరగా వచ్చింది, పట్టించుకోలేదు. వాన ఆగిన అరగంట వరకూ యాప్‌లో వాన పడుతూనే ఉంది, ఆకుల చివర్ల నుంచి బొట్లు. ఆకు కింద బుల్లి చినుకులన్నీ చేరి లావు బొట్టై జారతాయి, అంటే తుంపరని కూడా చెట్టు పెద్ద చినుకులుగా మార్చేస్తుంది. ముసురు రోజున సెన్సార్‌ని కావాలనే కొమ్మ కిందకి జరిపి చూద్దామని కూడా అనిపించింది, చేయలేదు.

యాప్ గురించి రెండు ముక్కలు. చూడటానికి బాగుంది, నిమిషం నిమిషం గ్రాఫ్ ఉంది, పాత లెక్కలు ఏడాది వరకూ దాస్తుంది. చినుకుల సంఖ్య, సైజులు విడిగా చూపించదు, లోపల ఆ లెక్క ఉండి కూడా మనకి ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. అది ఇచ్చి ఉంటే ఇంకో మార్కు వేసేవాణ్ని. కస్టమర్ కేర్‌కి ఈ డ్రాపర్ లెక్క మొత్తం రాసి పంపాను, 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది, మర్నాడు వస్తువు మార్చి ఇస్తామని ఫోన్ కూడా చేశారు. మార్చినా వానని మార్చలేరు కదా, వద్దన్నాను.

ఇక దేనికి బాగుందంటే, మొదటి చినుకుకి. గిన్నెల రకం 0.2 మిల్లీమీటర్లు నిండితే గానీ ఒరగదు, ఈలోపు ఆరేసిన బట్టలు తడిసిపోయేవి. ఇది మొదటి రెండు మూడు లావు చినుకులు మూత మీద పడగానే ఫోన్ మోగిస్తుంది. నాలుగు నెలల్లో బట్టలు తడిసింది ఒకే ఒక్కసారి, అదీ ముసురుకే. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఉధృతమైంది, ఎప్పుడు తగ్గింది అన్న సమయాలు కూడా నమ్మొచ్చు. నీటి ట్యాంకు లెక్కకో, పొలానికి నీళ్లు పెట్టాలా వద్దా అనే నిర్ణయానికో అయితే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పక్కన ఒక గాజు గొట్టం పెట్టుకోండి, పొద్దున్నే వెళ్లి చూసి రాసుకోండి. ముసురు ఎక్కువ పడే చోట ఉంటే అసలు ఇది కొనకండి, సాలెపురుగుతోనే సర్దుకుపొండి.

నేను సవరణ సంఖ్యని మళ్లీ 1 దగ్గర పెట్టేశాను. ఇది రాస్తుంటేనే ఫోన్ మోగింది, కిటికీలోంచి చూస్తే మెట్ల మీద రూపాయి బిళ్లంత మరకలు నాలుగు. మైదా ఇంకొంచెం మిగిలుంది, పళ్లెం తీసుకుని వెళ్తున్నాను.